రెండో గంట

నాంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆడపిల్లల హాస్టల్లో భోజనాల వేళ గంట రెండుసార్లు కొట్టేవారు. మొదటి గంటకు పిల్లలు కాళ్లు కడుక్కుని రావాలి. రెండో గంటకు వంటామె లక్ష్మీనర్సమ్మ భోజనశాల తలుపు మూసేది. ఆ తర్వాత వచ్చింది వార్డెన్ కూతురైనా సరే, ఆ పూటకు పస్తే.

హాస్టల్లో చేరే ప్రతి పిల్లా తన పేరు చెక్కించిన ఇత్తడి కంచం తెచ్చుకోవాలి. ఆ పేరుగల పిల్లకు ఆకలైతే కంచం సన్నగా మోగేది, తింటే ఊరుకునేది. శివరాత్రి ఉపవాసమని చెప్పి చాటుగా అటుకులు బుక్కిన కమల, కంచం కిక్కురుమనకపోయేసరికి దొరికిపోయి నవ్వులపాలైంది.

నలభై ఎనిమిది సెప్టెంబరులో, పోలీసు చర్య రోజుల్లో, పట్నమంతా గడబిడగా ఉంది. ఊరికి పోయిన ఏడో తరగతి సమ్మక్క ఒక మధ్యాహ్నం తిరిగొచ్చి తలుపు తట్టింది. అప్పటికే రెండో గంట అయిపోయింది. పిల్ల కాళ్ల నిండా దుమ్ము.

"ఆబిడ్స్‌ల షాపులు చూసుకుంట తిరిగినవా? ఇగ పొద్దుమీకి తిందువు గని, పో" అని లక్ష్మీనర్సమ్మ తలుపేసింది.

సాయంత్రం భోజనాల దాకా హాస్టలే ఆగలేదు. మూసేయమని ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వచ్చింది. ఎవరి పిల్లను వాళ్లు తీసుకుపోయారు. ఆ తొందరలో చాలామంది కంచాలు వదిలేశారు. సమ్మక్క ఏమైందో ఎవరూ చూడలేదు. లక్ష్మీనర్సమ్మా మూట కట్టుకుని లక్డీకాపూల్‌లో అన్న ఇంటికి చేరింది. వారం తర్వాత కాపలా ఉండమని పిలిస్తే తిరిగొచ్చి సామాన్ల గది తెరిచింది. సమ్మక్క కంచం మోగుతోంది.

హాస్టల్ మూతపడే ఉంది, ఐదేళ్లు అలాగే గడిచాయి. మిగతా కంచాలు పూటపూటకూ కాసేపు మోగి ఊరుకునేవి. సమ్మక్కది కొన్ని రోజులు అసలే ఆగేది కాదు. ఆ రోజుల్లో లక్ష్మీనర్సమ్మకూ ముద్ద దిగేది కాదు. నియమం నాది కాదే, వార్డెన్‌ది కదా అని సర్దిచెప్పుకునేది. కానీ తలుపు మూసిన చెయ్యి తనది. ఒక్క ముద్ద పెడితే ఏం పోయేది అని ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు.

యాభై మూడు ఎండాకాలంలో హాస్టల్‌కు మరమ్మతులు మొదలయ్యాయి. కురిసే కప్పు విప్పారు, పెచ్చులూడిన గోడలకు గానుగ సున్నం పట్టించారు. పాత కంచాల మీది పేర్లు అరగదీసి, కళాయి వేయించి, జూన్‌లో చేరే పిల్లల పేర్లు చెక్కించమని కొత్త వార్డెన్ ప్రభావతి చెప్పింది. సమ్మక్క జాడంటూ మిగిలింది ఆ పేరొక్కటే. అదీ సాయంత్రానికి పోతుంది.

కళాయి వేసే గట్టయ్య ఆకురాయి ఆనించబోయి ఆగాడు.

"అక్కా, ఇది గింత గట్టిగ మోగుతుందేంది? మనిషి దగ్గరుంటెనే గిట్ల మోగుతది. గీ పిల్ల గీడనే ఉంది."

పనివాళ్లు వచ్చినప్పటి నుంచీ మోత పెరిగిన మాట నిజమే. గది ఖాళీ చేశారు కాబట్టేమో అనుకుంది లక్ష్మీనర్సమ్మ. తన తెలివి తెల్లారినట్టే ఉందని ఇప్పుడు నెత్తి కొట్టుకుంది. గబగబా ఆ కంచంలోనే అన్నం, పప్పు వేసుకుని పెరట్లోకి నడిచింది. కూలీ ఆడవాళ్లు రొట్టెలు తింటున్నారు. గోడ వెనక ఒకామె మాత్రం కొంగు కప్పుకుని ఊరికే కూర్చుంది. కనురెప్పల దాకా సున్నం. కంచం చేతుల్లో నిలవనంటోంది.

"సమ్మక్కా?"

ఆమె తలెత్తింది.

"ఔ పెద్దమ్మా."

"నెల రోజుల సంది గీడనే సున్నం మోస్తున్నవా? ఒక్కపారన్న లోపటికి రాకపోతివి బిడ్డా."

"రెండో గంట అయినంక రావద్దని నువ్వే అంటివి గద." అందులో నిష్ఠూరం లేదు. "గా దినం రైళ్లు బందయినయి. భువనగిరి నుంచి నడిచొచ్చిన. తీస్తవేమోనని తలుపుకాడనే కూసున్న. ఆకలికి ఓర్వలేక స్టేషన్ దిక్కు పోయి వచ్చేసరికి తాళమేసి ఉంది."

లక్ష్మీనర్సమ్మ ఆమె ఎదుటే నేల మీద కూర్చుంది. అన్నం కలిపి తన చేత్తోనే పెట్టింది. మూడో ముద్దకు కంచం ఊరుకుంది.

సమ్మక్కకు ఏడో తరగతిలో కూర్చునే ఈడు ఎప్పుడో దాటిపోయింది. అదిక తిరిగిరాదు. జూన్‌లో హాస్టల్ తెరిచారు, గంట కొట్టే పని ఆమెకు ఇచ్చారు. మొదటి గంట వేళకే కొట్టేది. రెండోది మాత్రం వీధి గుమ్మంలో నిలబడి, స్టేషన్ దారిలో ఎవరూ రావడం లేదని తేలాకే కొడతానంది.

నాంపల్లి దారిలో మనుషులు రాని వేళ ఎప్పుడుంది గనక? హాస్టల్లో రెండో గంట మళ్లీ వినపడలేదు.