పలకరించని పంతొమ్మిది నిమిషాలు

నాకు నోరెక్కువని టాటానగర్‌లో మా బాగ్‌బేరా బస్తీలో అందరికీ తెలుసు. కుళాయి దగ్గరైనా రేషన్ షాపు దగ్గరైనా ఎవరన్నా వరస తప్పి ముందుకొస్తే ఒంటికాలి మీద లేస్తాను. అలాంటి నాకు నోరు మూసుకుని నిలబడే ఉద్యోగం వచ్చింది. పైగా అందులో నేనే ఫస్టు. ఇది గొప్పకి చెప్పడం లేదు. సరే, గొప్పకే చెప్తున్నాననుకోండి. ఏం, చెప్పుకోకూడదా?

ఆ ఉద్యోగం ఇప్పించింది మనస్వి. సోనారిలో ఇంజినీరుగారి భార్య శాంతమ్మగారి ఇంట్లో నేను ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. మనస్వి వాళ్ల అమ్మాయి. నా చేతుల్లో పెరిగిన పిల్లే. మోకాళ్లు పట్టేశాక మిగతా ఇళ్లన్నీ మానేసి, పొద్దున పూట ఆ ఒక్క ఇంట్లోనే వంట చేస్తున్నాను. మనస్వి ఇంట్లో కూర్చునే కోల్‌కతా కంపెనీ ఒకదానికి పని చేస్తుంది. మామూలు కస్టమర్లలా మనుషుల్ని షాపులకి పంపి, అక్కడివాళ్లు ఎలా మసులుకుంటున్నారో రిపోర్టు తెప్పించుకోవడం ఆ కంపెనీ పని. వెళ్లినవాళ్లు ఎవరో షాపువాళ్లకి తెలియకూడదు. దాన్ని మిస్టరీ షాపర్ అంటారట.

మనస్వికి టాటానగర్‌లో మనుషులు దొరకలేదు. కాలేజీ కుర్రాళ్లని పెడితే షాపు మొహం చూడకుండా టీ కొట్లో కూర్చునే రిపోర్టులు రాసేశారట. ఒకరోజు నేను బెండకాయలు తరుగుతూ, ముందురోజు సంతలో కూరలవాడు నన్నెలా మోసం చేయబోయాడో శాంతమ్మగారికి చెప్తున్నాను. వాడి చొక్కా రంగు, వాడన్న మాటలు, తక్కెడ మీద వేలు ఎన్నిసార్లు పెట్టాడు, అన్నీ. మనస్వి ల్యాప్‌టాప్ మూసేసి నా వైపే చూస్తూ కూర్చుంది. నేను తెలుగులో ఎంత మాట్లాడినా ఆ పిల్ల హిందీలోనే జవాబిస్తుంది. "మౌసీ, యే కామ్ ఆప్ కరోగీ?" అని అడిగింది, పిన్నీ ఈ పని మీరు చేస్తారా అని.

ఏడో క్లాసు దాకా హిందీ స్కూల్లో చదివాను. ఫారం హిందీలోనే ఉంది. నాకేం భయం?

నియమాలు మూడు. ఒకటి, మనం ఎవరో చెప్పకూడదు. రెండు, మనం ముందు పలకరించకూడదు. సామాను చూస్తున్నట్టు నిలబడి, వాళ్లు పలకరించేదాకా ఎన్ని నిమిషాలయిందో ఫోనులో చూసుకోవాలి. మూడు, చూసింది రాయాలి గాని అనుకున్నది రాయకూడదు. నాకు ఈ మూడోదే కష్టమైంది. 'పొగరుబోతు వెధవ' అని రాయకూడదట. 'నేను అడిగితే ఫోను చూసుకుంటూ జవాబిచ్చాడు' అని రాయాలట. ఆలోచిస్తే ఈ రెండో మాటే ఎక్కువ గట్టిగా తగులుతుంది.

మా ఆయన అసిరయ్య ముప్పై ఏళ్లు ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసి, ఇప్పుడు ఒక గోడౌను గేటు దగ్గర కూర్చుంటున్నాడు. నా ఉద్యోగం సంగతి వినగానే పడీ పడీ నవ్వాడు. రోజూ అదే వేళాకోళం. "ఓలే సీఐడీ, ఇయ్యాల ఏ సాపు మీదకి దాడి?" అనేవాడు. నేను తెచ్చిన డబ్బుతో ఆయనకి కళ్లజోడు కొన్నాక ఆ నవ్వు కొంచెం తగ్గింది.

చెప్పుల షాపు, మందుల షాపు, మిఠాయి కొట్టు, ఫోన్ల షాపు, అలా పదిహేడు చేశాను. ఒకరోజు కోల్‌కతా సారు మనస్వికి మెసేజీ పెట్టాడు. ముప్పై ఒకటో నంబరు రిపోర్టుని ఇక రెండోసారి తనిఖీ చేయక్కర్లేదు, ఆమె రాసిందంటే అంతే, అని. ముప్పై ఒకటో నంబరంటే నేనే. మనస్వి చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఇంటికెళ్లి అసిరయ్యకి మూడుసార్లు చెప్పాను. ఇన్నేళ్లూ గిన్నెలు తళతళలాడుతున్నాయన్నారు, పులుసు బాగుందన్నారు. నా మాట నమ్మొచ్చని మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

పద్దెనిమిదోది గమ్హరియా వైపు ఒక పెద్ద షోరూము. ఫ్రిజ్‌లూ వాషింగ్ మిషన్లూ అమ్ముతారు. పేరు చెప్పను, రూలు. వాళ్లకి చుట్టుపక్కల అయిదు షాపులున్నాయి. తెరిచీ తెరవగానే వెళ్లమన్నారు. ఉతికిన ఆకుపచ్చ నూలు చీర కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని ఆటోలో వెళ్లాను. గుర్తుగా బోర్డు ఫోటో తీసి, అద్దాల తలుపు తోసుకుని లోపలికెళ్లాను. టైము పది ముప్పై రెండు.

కౌంటరు వెనక మేనేజరున్నాడు. చొక్కా మీద రఘువీర్ అని పేరుంది. తలెత్తి నా చీర చూశాడు, చెప్పులు చూశాడు. అంతకన్న పైకి అతని కళ్లు రాలేదు. లేటయింది, వెనక తలుపు నుంచి రావాలని చెప్పలేదా, బకెట్ అదిగో, అని హిందీలో అనేసి మళ్లీ ఫోనులోకి దిగిపోయాడు. ఆరోజు కొత్తగా ఒక పనిమనిషి రావలసి ఉందట. అది నాకు తర్వాత తెలిసింది.

నా నోట్లో ఎన్ని మాటలు వరస కట్టాయో ఆ భగవంతుడికే తెలియాలి. కానీ ముందు పలకరించకూడదని రూలు. అతనన్నది పలకరింపు కాదు. సరే చూద్దాం, ఎప్పటికి పలకరిస్తాడో అని ఒక వాషింగ్ మిషను పక్కన నిలబడ్డాను. ఇంతలో ఎవరో బకెట్టూ తడిగుడ్డా తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయారు. ఆ మనిషి కూడా నా మొహం చూడలేదు. కాలితో బకెట్టుని ఇంత పక్కకి జరిపి అక్కడే నిలబడ్డాను. ఒక జంట వచ్చింది. మేనేజరు లేచి ఎదురెళ్లాడు, కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు. పది యాభై ఒకటికి నేను ముందు తలుపులోంచే బయటికొచ్చేశాను. పంతొమ్మిది నిమిషాలు.

ఇంటి పని చేస్తానని చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. పని పనే. అయినా ఆరోజు ఆటోలో కళ్లనీళ్లు ఆగలేదు. ఇంటికొచ్చి ఫారం నింపాను. నాలుగో ప్రశ్న, మీతో ఎవరు మాట్లాడారు, ఏమన్నారు? నా వేలు అక్కడ ఆగిపోయింది. నా మాట నమ్మిన కోల్‌కతా సారుకి, నన్ను చూడగానే నేల తుడవడానికే వచ్చిందనుకున్నారని ఎలా రాయను? 'ఎవరూ ఏమీ మాట్లాడలేదు' అని రాశాను. బకెట్ ఊసు ఎత్తలేదు. అసిరయ్యకీ చెప్పలేదు. పద్దెనిమిది రిపోర్టుల్లో నేనాడిన అబద్ధం అదొక్కటే.

పది రోజుల తర్వాత మనస్వి ఫోను చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. ఆ టైములో ఆడ కస్టమరు ఒంటరిగా ఎవరూ రాలేదని, కెమెరా అంతా చూశామని షోరూమువాళ్లు ఫిర్యాదు చేశారట. రోడ్డు మీద నిలబడి బోర్డు ఫోటో తీసుకుని, కాకమ్మ కథ అల్లి పంపారన్నారట. అదే నిజమని తేలితే నా నంబరు కొట్టేస్తారు. పాత పదిహేడు రిపోర్టులూ దొంగవే అనుకుంటారు. మర్నాడు నాలుగింటికి వీడియో కాల్. నా గొంతు మాత్రమే వినిపిస్తారు, మొహం చూపించరు.

అరవయ్యేళ్లకి దగ్గర పడుతున్నాను. ఎవరింట్లోనూ చెంచా కూడా తీసి ఎరగను. ఇప్పుడు నన్ను దొంగని చేస్తారా? ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు శాంతమ్మగారి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. టీ ఆవిడే పెట్టి, తనూ పక్కన కూర్చుంది. తెర మీద ఒక పక్క కోల్‌కతా సారు, ఇంకో పక్క రఘువీర్. అతను షోరూము కెమెరాలోని బొమ్మ నడిపించాడు. ఈ అరగంటలో వచ్చింది ఈ జంట ఒక్కటే, మీ ముప్పై ఒకటో నంబరు ఎక్కడుందో చూపించండి, అన్నాడు.

నేను కనిపిస్తూనే ఉన్నాను. పైనుంచి తీసిన బొమ్మ. నా పాపిడి, భుజాన సంచీ, కాళ్ల దగ్గర బకెట్. నన్ను నేను అలా ఎప్పుడూ చూసుకోలేదు. మరి ఈ నిలబడ్డ ఆవిడెవరని సారు అడిగాడు. ఆమె కస్టమరు కాదు, కొత్త పనిమనిషి, అదీ పని చేయకుండా పారిపోయింది, అన్నాడు రఘువీర్ నవ్వుతూ.

మనస్వి చెయ్యి ల్యాప్‌టాప్ మీద ఆగిపోయింది. శాంతమ్మగారు తెర వైపు చూసి, నా వైపు చూసి, కప్పు కింద పెట్టేసింది. మాట్లాడకపోతే నేను దొంగని. మాట్లాడితే ఆ బకెట్ నా కోసమే పెట్టారని అందరి ముందూ నా నోటితోనే చెప్పాలి. ఒక్క క్షణం ఆలోచించాను. అంతకన్న ఎక్కువ ఆలోచించడం నా ఒంట్లోనే లేదు.

"పాపా, కెమెరా తెరు. నా మొకం సూపించు" అన్నాను.

మొహం చూపిస్తే ఆ అయిదు షాపులకీ నన్నింకెప్పుడూ పంపడానికి వీలవదని మనస్వి గుసగుసగా చెప్పింది. "తెల్సు. తెరు" అన్నాను.

తెర మీద నా మొహం వచ్చింది. నిటారుగా కూర్చుని నా హిందీలోనే చెప్పాను. నా పేరు కింతాడ జోగమ్మ. ముప్పై ఒకటో నంబరు నేనే. ఆ బకెట్ పక్కన నిలబడ్డదీ నేనే. పది ముప్పై రెండుకి వచ్చాను, యాభై ఒకటికి వెళ్లాను. నా ఎడమ పక్కనున్న మూడో మిషనుకి ధర చీటీ తలకిందులుగా ఉంది, బొమ్మ దగ్గరికి తెచ్చి చూసుకోండి. ఆ జంట ముందు చూసింది ఎర్ర ఫ్రిజ్, కొన్నది బూడిద రంగుది.

కోల్‌కతా సారు బొమ్మ ఆపించి, దగ్గరికి తెప్పించి చూశాడు. చీటీ తలకిందులుగానే ఉంది.

నేను ఇంకా అయిపోలేదన్నాను. నా రిపోర్టులో ఒక తప్పుంది, అది నేనే రాశాను. ఎవరూ మాట్లాడలేదని రాశాను గానీ, ఈయన మాట్లాడాడు. వెనక తలుపు నుంచి రావాలి, బకెట్ అదిగో, అన్నాడు. అది నేను రాయలేదు.

ఎందుకు రాయలేదని సారు మెల్లిగా అడిగాడు.

"సిగ్గేసింది సార్" అన్నాను. "ఆ సిగ్గు నాది కాదు. తెలియక ఇన్నాళ్లూ నేను మోశాను."

రఘువీర్ నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. తెరలోంచి నా మొహంలోకే చూస్తున్నాడు. సారీ మేడం, అని ఏదో అనబోయి మధ్యలో ఆపేశాడు. నేనూ అతని కళ్లలోకే చూస్తూ కూర్చున్నాను.

సారు తీర్పు రెండు ముక్కల్లో చెప్పాడు. నాలుగో జవాబు తిరగరాసి పంపాలి. పదిహేడు రిపోర్టులూ, నంబరూ అలాగే ఉంటాయి. ఈ బొమ్మ షోరూము యజమానికి వెళ్తుంది. ఆ అయిదు షాపులు మాత్రం నాకు లేవు. కాల్ అయిపోయాక అక్కడే కూర్చుని నాలుగో జవాబు రాశాను. అనుకున్నది ఒక్క ముక్క రాయలేదు. విన్నది విన్నట్టు రాశాను. శాంతమ్మగారు చల్లారిన టీ పారబోసి మళ్లీ వేడిగా తెచ్చిచ్చింది.

ఇంటికెళ్లి అసిరయ్యకి మొదటి నుంచీ చెప్పాను, బకెట్‌తో సహా. సీఐడీ అనలేదు. కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడిచాడు.

"మొకం సూపించీసినావు. అయిదు సాపులు పోనాయి కదే" అన్నాడు.

"పోనీ. ఆడు నా మొకం సూసినాడు" అన్నాను.

అసిరయ్య లేచి నాకు అన్నం వడ్డించాడు.