నకిరేకల్‌లో మలక్‌పేట గుర్రాల పాట

మా కల్లు కాంపౌండుకు ఎదురుగా, రోడ్డు అవతల ఇంకొక కాంపౌండు పడింది. వాళ్లు రేడియో పెట్టారు. మా దగ్గర తాగినవాళ్లు పాడేవారు, అక్కడ తాగకముందే పాట వినపడుతుంది. భాద్రపదం వచ్చేసరికి మా బెంచీల మీద మనుషుల కంటే ఈగలు ఎక్కువయ్యాయి.

"జర నువ్వన్న ఏదన్న చెప్పరాదె రాజమణీ," అన్నాడు మా ఆయన మైసయ్య, కంచం ముందు కూర్చుని. "పట్నంల బీఏ చదివినవ్. గా చదువంత కూరల్నే వేస్తున్నవా?"

"కూర మంచిగ లేదా?"

"కూర మంచిగనే ఉన్నది. గిరాకే లేదు."

కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ల నాన్న ఏదో క్లబ్బుకు పోయేవాడు. మలక్‌పేట గుర్రప్పందెం ముందురోజు అక్కడ గుర్రాలకు పాట పెడతారట. ఎక్కువ పాడినవాడి పేరున ఆ గుర్రం ఉంటుంది. తెల్లవారి ఏ గుర్రం గెలిస్తే దాన్ని పాడుకున్నవాడికి మొత్తం సొమ్ము. గుర్రాన్ని చూడకుండా ఎట్లా పాడుకుంటారే అని అప్పుడే అడిగాను. ఆ అమ్మాయికీ తెలియదు. ఆ సంగతి ఎనిమిదేళ్లుగా నా బుర్రలో ఓ మూలన పడి ఉంది.

మైసయ్యకు చెప్పాను. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"పోలీసోళ్లు రారా?"

"పైసలు పెడితె వస్తరు. మనం సీసలు పెడదాం."

ఎవరు ఎన్ని సీసాలు పాడితే అన్ని సీసాల కల్లు వాళ్లు కొనాలి. ఆ కల్లంతా గెలిచిన గుర్రం పాటదారు తాగుతాడు. తాటిచెట్ల పాటలో ఏటా గొంతు చించుకునే మా ఆయనకు ఇది చిటికెలో అర్థమైంది. సాయంత్రానికి, నేను పేపర్లోంచి చదువుతుంటే, పలకల తలుపు మీద సుద్దముక్కతో ఆదివారం పందెంలోని ఆరు గుర్రాల పేర్లు రాశాడు. స్పెల్లింగులు నేను దిద్దలేదు, గుర్రాలు చూడవు కదా.

శనివారం సంత రోజు. పొద్దు వాలకముందే కాంపౌండు నిండింది. మా ఇంటి ఆడవాళ్లు కాంపౌండులోకి పోరు. వంటింటి కిటికీ మాత్రం సరిగ్గా అటే తెరుచుకుంటుంది. బోర్లించిన గంప మీద కూర్చుని, ఇంగ్లీషు పేపరు ఒళ్లో పెట్టుకున్నాను. పేపర్లో ఉన్నది నేను చదివి చెప్పాలి, ఆయన పాట నడపాలి.

మొదటి గుర్రం సిల్వర్ లేస్. మగ్గం పని చేసే భిక్షపతి నాలుగు సీసాలకు పాడుకున్నాడు.

"ఎందుకు పాడినవ్ మరిదీ?" అన్నాను కిటికీలోంచి.

"సిల్వర్ అంటె వెండి గద వదినె. వెండి జరీ అంచు చీర మగ్గం మీదున్నది. అది గిట్ల అమ్ముడువోతదో లేదో చూద్దామని."

రెండో గుర్రం పేరు చెప్పగానే వెనక బెంచీ నుంచి కురుమయ్య లేచాడు. కేతేపల్లి దిక్కు గొర్లు కాస్తాడు. సంతలో ఆయన పట్టి చూడని గొర్రెను ఎవరూ కొనరు.

"ఆగు మైసయ్యా. ఆడిదా, మొగదా? పండ్లెన్ని? సుడులు యాడున్నయ్?"

పేపర్లో పేరు, వయసు, పందెంలో మోయాల్సిన బరువు, తోలేవాడి పేరు ఉన్నాయి. సుడుల సంగతి లేదు.

"నాలుగేండ్లదట," అన్నాడు మా ఆయన.

"వయసు నోట్ల తెలుస్తది. సుడి చూడకుంట జీవాన్ని ఎవడు పాడుకుంటడు?"

నిజమే కదా అన్నట్టు అందరూ సీసాలు దించారు. నాలుగు సీసాలు పాడిన భిక్షపతి కూడా తల గోక్కున్నాడు. అటు రోడ్డు మీద రేడియో గొంతు పెంచింది. ఇద్దరు లేచి చెప్పుల కోసం వెతుకుతున్నారు. మైసయ్య కిటికీ వైపు చూశాడు.

"నొసట ఒక్కటే సుడి," అన్నాను. "నడి నొసట."

చెప్పులు వెతికేవాళ్లు కూర్చున్నారు. ఒకదానికి సుడి పెట్టాక మిగతావాటికి పెట్టకపోతే బాగుండదు. ఒకదానికి మెడ మీద పెట్టాను, ఒకదానికి రొమ్ము మీద జంట సుడి. ఇంకొకదానికి వెన్ను మీద పెట్టాను, అది అరిష్టమట, ఒక్కరూ పాట పాడలేదు. పాపం అనిపించింది.

చివరిది బహదూర్. దానికి నొసట సుడి మళ్లీ ఇచ్చాను.

"మీద బరువెంత బిడ్డా?" అన్నాడు కురుమయ్య.

"అన్నిట్ల కంటె దీనికే ఎక్కువేసిండ్రు కాకా."

భిక్షపతికీ కురుమయ్యకూ పట్టుదల వచ్చింది. పది, ఇరవై, ముప్ఫై. అంతమంది తాగినా అన్ని సీసాలు కావు. భిక్షపతి నలభై అన్నాడు.

"నా పొట్టేలు," అన్నాడు కురుమయ్య.

బెంచీల మీదివాళ్లంతా అటు తిరిగారు. కురుమయ్య మందకు ఉన్నది ఒక్కటే విత్తన పొట్టేలు. అది పోతే వచ్చే ఏడు మందలో పిల్లలుండవు. ఓడితే అది గెలిచినవాడి చేతికి పోతుంది. మా ఆయన మూడోసారి అని సత్తు మూత మీద కొట్టాడు. ఆ రోజు కల్లు అయిపోయి ఇంకో చెట్టు దగ్గరికి మనిషిని పంపాల్సి వచ్చింది.

"గా సుడి నేను పెట్టిందే," అన్నాను ఆ రాత్రి మా ఆయనతో.

"గుర్రం గెలిస్తె సుడి మంచిదే గద," అని ముద్ద కలుపుకున్నాడు.

ఆదివారమంతా మలక్‌పేటలో ఏం జరుగుతున్నదో ఊహించుకుంటూ రెండుసార్లు పప్పు మాడగొట్టాను.

సోమవారం పొద్దున్నే, పేపరు తెచ్చే పట్నం బస్సు రాకముందే కురుమయ్య వచ్చాడు. చేతిలో తాడు, తాడుకు పొట్టేలు. నేను వంటింటి తలుపు తీసి కాంపౌండులోకి నడిచాను. బెంచీల మీది నలుగురూ, భిక్షపతితో సహా, నన్ను కాక నా పాదాలనే చూశారు.

"కాకా, సుడులన్ని అబద్ధం. పేపర్ల లేవు. సంతల సుడి అబద్ధం చెప్పి అమ్మితె బేరం వాపస్ గద? ఇంక బస్సు రాలె. తీసుకపో నీ పొట్టేలును."

"తెలుసు బిడ్డా."

"తెలుసా?"

"పేపర్ దిక్కు చూడకుంటనే చెప్పినవ్. సంతల అబద్ధాలోడు గట్లనే, గొర్రెను చూడడు, నా మొఖం చూస్తడు."

"మరెందుకు పాడినవ్?"

"ఎక్కువ బరువు దేనిమీదేస్తరు? మోసే దానిమీదనే గద."

బీఏలో మాకు ఈ పాఠం లేదు. బరువు తక్కువైనదే గెలుస్తుందని నేను అప్పటిదాకా అనుకున్నాను.

"అయినా వాపస్ తీసుకో. ఏ గుర్రం గెలిచిందో పేపర్ల చదివి చెప్త."

"చెప్తవ్. కని నా పొట్టేలు పందెంల లేకుంటె గా తెలుసుడు వేరే బిడ్డా," అంటూ పొట్టేలును గుంజకు కట్టేశాడు.

బస్సు వచ్చింది. మైసయ్య పేపరు తెచ్చి నా చేతిలో పెట్టాడు, తనే తెరవడానికి జంకి. క్రీడల పేజీ చివర చిన్న అక్షరాలు, పైకి చదివాను. మొదట సిల్వర్ లేస్. తరువాత బహదూర్, మెడంత తేడాతో.

కురుమయ్య గుంజ దగ్గరికి నడిచాడు. కట్టు విప్పి, తాడు భిక్షపతి చేతికిచ్చాడు. పొట్టేలు భిక్షపతి పంచె అంచు నమలడం మొదలుపెట్టింది.

"ఓ కాకా! నా ఇంట్ల పడుగు పరిచి ఉన్నది. ఇది పొద్దుగూకేసరికి చీరంత తింటది!"

"నీ జీవం, నీ ఇష్టం."

"నువ్వే సాదు. పాలుకిస్తున్న. అమ్మిననాడు సగం సగం."

"మేత నాది, కావలి నాది. సగమెట్ల?"

"సరే, నీకు మూడొంతులు. తొందరగ పట్టుకో, పంచె పోతాంది!"

మా ఆయన ఇద్దరికీ చెరొక సీసా పోశాడు. భిక్షపతి గెలిచిన సీసాల్లోంచే. కురుమయ్య తాడు చేతికి చుట్టుకుని రెండడుగులు వేసి ఆగాడు. పొట్టేలు మెడ మీద జానతో కొలిచాడు.

"మెడంతంటె గింతేనా బిడ్డా?"

"గుర్రం మెడ కాకా. మూడింతలుంటది."

ఇంకోసారి కొలిచి, మనసులో మూడింతలు చేసుకున్నాడు.

"అయితె జరంతల పోలె, మంచిగనే ఓడినం," అన్నాడు.