పదమూడో రేకు

ముందు ఒక్క పూరేకు గీశాడు. దాన్ని ఎంచుకుని, నడుమ చుక్క మీద మౌస్ నొక్కి, తిప్పే కోణం గడిలో ముప్పై కొట్టాడు. ఇక ఎన్ని నకళ్ళో చెప్పాలి.

ఇనుప పలకలు కోసి కిటికీ జాలీలు చేసే ఆ షెడ్డులో ఆయన్ని అందరూ పదకొండు బాబాయ్ అనేవారు. పన్నెండు రేకుల పువ్వుకు నకళ్ళు పదకొండే అడగాలి. మొదటిది గీసిందే ఉంది కదా! పన్నెండడిగితే చివరిది చుట్టూ తిరిగొచ్చి మొదటిదాని నెత్తినే కూర్చుంటుంది. తెర మీద ఎంత కళ్ళు చిట్లించినా ఒక్కటే కనబడుతుంది. కోసే మిషను మాత్రం రెండింటినీ లెక్కపెట్టి, అదే గీత మీద రెండోసారి నిప్పు పోస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠం. "అసలును మరిచిపోతే ఎలారా?" అనేవాడు. ఇంటికెళ్ళి, ఇవాళ ఎవరు మరిచిపోయారో పెళ్ళానికి చెప్పుకునేవాడు.

వంగిన నడుం, దారంతో కట్టిన కళ్ళజోడు, బొటనవేలి మీద కంపాసు ముల్లు గుచ్చుకున్న పాత మచ్చ. చేత్తో గీసిన రోజుల్లో ఎంత జాగ్రత్తగా తిప్పినా ఆఖరి రేకు ఇరుకయ్యేది. కంప్యూటర్లో రేకులన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటుంటే, ఎన్ని వేలసార్లు చూసినా నిద్రలో ఉన్నవాడిలా చూస్తూండిపోయేవాడు.

ఈ పువ్వు బేరానిది కాదు. భార్య రెండేళ్ళుగా మంచం మీద, ఎదురుగా బోసి గోడ. "దీని ముఖం చూసి చూసి మొహం మొత్తింది. ఏదైనా కదిలితే బాగుండు," అంది మొన్న. ఆ గదిలో పడమటి కిటికీ పైన గుండ్రటి కంత ఉంది. దానికి సరిపడా మిగులు పలక షెడ్డు మొత్తానికి ఒక్కటే దొరికింది. రావలసినవాళ్ళను రమ్మని డాక్టరు నిన్ననే చెప్పాడు.

ఫోను మోగింది. మరదలు.

"బావా, అక్క పొద్దుట్నించీ నీళ్ళు కూడా మింగట్లేదు. పెందలాడే రా."

ఫోను పెట్టేసి, గడిలో అంకె కొట్టి, పువ్వును మిషనుకు పంపేశాడు.

కాసేపటికి మిషను నడిపే ఆవిడ వచ్చి, నవ్వాలో వద్దో తెలియక నిలబడింది.

"బాబాయ్, ఎవరికీ చెప్పన్లే. పన్నెండు కొట్టావు."

శకునాలు చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడింది. మొదటి రేకు కన్నం అంచులు కాలి, కాస్త వాచినట్టుంది. ఆవిడ ఆకురాయి పట్టి సరిచేస్తానంది. ఆయన ఆగలేదు. పలకను గుడ్డలో చుట్టుకున్నాడు. రెండుసార్లు కాలి ఊడిపడిన ముక్కను పారేయబుద్ధి కాక జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చి, స్టూలెక్కి కంతకు జాలీ బిగించేసరికి ఎండ వాలింది. గోడ మీద పువ్వు పూసింది. మందుల వాసన, నలిగిన దుప్పటి, మూలనున్న చెంబు, అన్నీ ఆ వెలుగులో నీళ్ళ కింద ఉన్నట్టు మెత్తబడ్డాయి.

మంచం మీంచి భార్య చాలాసేపు చూసింది.

"ఆ ఒక్కదానికి పన్నునొప్పా? బుగ్గ వాచింది."

"నా పొరపాటే."

"ఉండనీ. ఎక్కణ్ణించి లెక్కపెట్టాలో తెలుస్తోంది."

ఆయన నవ్వి, జేబులోని ముక్క ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ పెదవులు మెల్లగా కదిలాయి.

"పదమూడు."

"పన్నెండేనే."

ఆవిడ గుప్పిట కొంచెం బిగించింది. "అసలును మరిచిపోతే ఎలా?"

సూర్యుడు దిగుతున్నకొద్దీ పువ్వు గోడెక్కింది. పటం మేకు దాటింది, బూజు దాటింది. కింది రేకులు ముందు పల్చబడ్డాయి. వాచిన రేకు ఒక్కటీ కాసేపు నిలిచింది. మరదలు గ్లాసుతో వచ్చి, అక్క పాదం ముట్టుకుని, గ్లాసు కింద పెట్టేసింది. ఆయన గోడవైపే చూస్తూ ఇంకా లెక్కపెడుతున్నాడు.

చీకటి పడ్డాక ఆవిడ గుప్పిట విప్పాడు. అంచులు మాడిన ఆ రేకు ఇంకా వెచ్చగానే ఉంది.