పోసేవారి సమయం

"సగానికి మించి పొయ్యకు." ఈ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. పెళ్ళయిన మూడో రోజు మా అత్తగారు సోనున్ అపా నా చేతికి టీ కెటిల్ ఇచ్చి మరీ చెప్పింది. "పియాలా నిండా పోశావంటే, ఇది తాగి ఇక బయల్దేరండి అన్నట్టు. సగం పోస్తే, కూర్చోండి, మళ్ళీ పోస్తాను అన్నట్టు. కోడలి మర్యాదంతా అందులోనే ఉంది." పదకొండేళ్ళయింది. మళ్ళీ మళ్ళీ పోస్తూనే ఉన్నాను.

ఆదివారం, మూడూ నలభై. కింద కూర్చునే పొట్టి బల్ల చుట్టూ తొమ్మిదిమంది. ఎనిమిదిమంది ఇంటివాళ్ళూ చుట్టాలూ. తొమ్మిదో మనిషి ఎసెన్ అగాయ్, అంటే ఎసెన్ మాస్టారు. మా మామగారికి పినతండ్రి కొడుకు, మా గణిత విభాగానికి అధిపతి. బల్ల చివర, తలుపు దగ్గర, నేను. నా కుడి పక్క కెటిల్, ఎడం పక్క లాప్‌టాప్. అందులో ఎంఎస్సీ వాళ్ళ 'గణిత పద్ధతులు' కోర్సుకి మిడ్‌టర్మ్ ప్రాజెక్టు. ఐదు గంటలకి యూనివర్సిటీ పోర్టల్ మూసేస్తారు. ఈలోగా అది ఎక్కించాలి. అగాయ్ బిష్కెక్ ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చింది నూనెలో వేయించిన బోర్సోకులు తినడానికి కాదు, దానికోసమే.

నాలుగేళ్ళుగా ఆ కోర్సు చెబుతున్నది నేను. ప్రాజెక్టు తయారుచేసేది నేను, దిద్దేది నేను, "ఎజే, ఇది అర్థం కాలేదు" అని అక్కని అడిగినట్టు వచ్చే పిల్లలకి మళ్ళీ చెప్పేది నేను. కాగితం మీద మాత్రం ఆయన పేరు. ఈ ఏడాది డీన్ కొత్త నిబంధన పెట్టాడు. ఫారంలో 'ప్రాజెక్టు రూపకర్త' అని ఒక గడి. అందులో ఎవరి పేరుంటే వచ్చే సెప్టెంబరు నుంచి కోర్సు వాళ్ళది. ఒకే ఒక్క పేరు పట్టే గడి. అది చదివిన రాత్రి మా ఆయన తాలాంత్‌తో చెప్పాను. ఫోన్ నుంచి తలెత్తకుండా అన్నాడు: "ఎవరి పేరుంటే ఏంటి బెగాయిమ్, లెక్క మారుతుందా?"

"కెలిన్, టీ!" అన్నాడు అగాయ్. ఇంట్లో కోడలిని కాబట్టి కెలిన్ అంటే సరే. విభాగంలో, విద్యార్థుల ముందు కూడా అదే పిలుపు. పోయినేడు తాష్కెంట్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ "కెలిన్ గారూ" అని నాకు నమస్కారం పెట్టాడు పాపం, అది నా పేరనుకుని.

పాలు, డికాక్షన్, వేడినీళ్ళు. సగం పియాలా. రెండు చేతులతో అందించాను. నలభై సెకన్లు. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఈసారి ప్రాజెక్టు అదే కాబట్టి. ఏటా ఇచ్చే ఇనుప కడ్డీ చల్లారే లెక్క పాత విద్యార్థుల దగ్గర జవాబులతో సహా దొరుకుతోంది. అందుకని మూడు ఆదివారాలు థర్మామీటరు ఏప్రాన్ జేబులో దాచుకుని కొలిచాను. సగం పియాలా ఆరు నిమిషాల్లో ఖాళీ అవుతుంది, లేదంటే చల్లారుతుంది. ఒక్కోసారి పోయడానికి నలభై సెకన్లు. పోసే మనిషి ఒక్కరే. అవకలన సమీకరణాలు రాయండి, చల్లారే రేటు కనుక్కోండి. మొదటి ప్రశ్న: ఎంతమంది అతిథుల దగ్గర పోసేవారికి తన టీ ముట్టుకునే తీరిక పూర్తిగా పోతుంది? జవాబు తొమ్మిది. ఆ మాట కాగితం మీద మొదటిసారి తేలినప్పుడు పెన్ను కింద పెట్టి, నవ్వాలో ఏడవాలో తెలియక, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగాను.

"ఏదీ, ఇటివ్వు." అగాయ్ లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కున్నాడు. చదివి పకపకా నవ్వాడు. "ఒరే తాలాంత్, నీ పెళ్ళాం వంటింటిని యూనివర్సిటీకి మోసుకెళ్తోందిరా!" బల్లంతా నవ్వింది. తాలాంత్ కూడా.

"ఐడియా బాగుందిలే కెలిన్. కాస్త సరళం చేద్దాం." రెండు వేళ్ళతో టకటకా కొట్టాడు. "పోసేవారు అని ఎందుకు? 'పోసే సాధనం' అందాం. ఇదిగో, ఈ నలభై సెకన్లు తీసేద్దాం. 'పోయడానికి పట్టే సమయాన్ని సున్నాగా తీసుకోండి.' చూశావా, లెక్క ఎంత తేలికైందో!"

"తప్పవుతుంది అగాయ్."

"ఏం తప్పు? చిన్న సంఖ్య. పట్టించుకోనక్కర్లేదు."

"సున్నా అనుకుంటే అతిథులు ఎంతమందైనా రావచ్చని తేలుతుంది."

"రానీ!" అన్నాడు తాలాంత్. మళ్ళీ నవ్వులు. "పెద్దాయన చెబితే ఊఁ అనొచ్చుగా. ఉద్యోగం ఇప్పించింది ఎవరు?"

ఉద్యోగం ఇప్పించింది నా డాక్టరేటు అని నోటిదాకా వచ్చింది. ఈలోగా మూడు పియాలాలు నావైపు జరిగాయి. నింపాను. అన్నీ సగమే. నింపుతూ చూస్తున్నాను. ఆ గడిలో ఆయన తన పేరు అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. 'ఎసెన్' దగ్గర ఒక అక్షరం తప్పు పోయింది. చెరిపి మళ్ళీ కొట్టాడు. నా టీ నా మోకాలి పక్కనే ఉంది. పైన పాలమీగడ ముడతలు పడింది. నాలుగేళ్ళు, పదకొండేళ్ళు, నలభై సెకన్ల చొప్పున. ఇవన్నీ ఎక్కడికి పోయాయని ఇన్నాళ్ళూ వెతుక్కున్నాను. ఇదిగో, ఇక్కడికి. సున్నాలోకి.

"అయిపోయింది. ఎక్కించెయ్." లాప్‌టాప్ నాకు తోసి, ఖాళీ పియాలా దానిమీదే పెట్టాడు. "అది కానిచ్చి, టీ."

నాలుగూ పది.

ప్రాజెక్టులో రెండో ప్రశ్న ఆయన చివరిదాకా చదవలేదు. పోసేవారికి తీరిక దొరకాలంటే ఏం మార్చాలి? జవాబు చిన్నది. నిండు పియాలా నెమ్మదిగా చల్లారుతుంది.

పాలు. డికాక్షన్. వేడినీళ్ళు. సగం దాటింది. చెయ్యి ఆగలేదు. అంచు దాకా పోసి, ఒక్క చుక్క కూడా ఒలకకుండా, రెండు చేతులతో ఆయన ముందు పెట్టాను.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అగాయ్ పియాలా వంక చూశాడు, నా వంక చూశాడు. తాలాంత్ మొహం ఎర్రబడింది. "బెగాయిమ్! ఏంటది?"

నేను చూసింది అత్తగారి వైపు. నలభై ఏళ్ళు ఇదే మూల కూర్చుని పోసిన మనిషి. ఇప్పుడు కడిగేస్తుంది అనుకున్నాను. ఆవిడ ఆ పియాలాని ఒకసారి చూసింది. తర్వాత బోర్సోకు ఒకటి తుంచి నోట్లో వేసుకుని, తాపీగా అంది:

"చల్లారుతోంది, ఎసెన్. తాగు మరి."

నేను లాప్‌టాప్ ముందుకు లాక్కున్నాను. 'పోసే సాధనం' చెరిపేసి 'పోసేవారు' అని కొట్టాను. సున్నా తీసి నలభై పెట్టాను. గడిలో ఆయన పేరు పోయి నా పేరు చేరింది. కోర్సు నాకు ఇస్తారో, ఉన్నది కూడా ఊడుతుందో సెప్టెంబరులో తెలుస్తుంది. 'సమర్పించు' నొక్కాను.

తర్వాత నా చల్లారిన టీ పారబోసి, ఇంకో పియాలా తీసుకుని, నాకు నేను నిండా పోసుకున్నాను.