క్లచ్ లేని బండి

నలభై ఏళ్ళుగా గేర్‌బాక్సులు విప్పి బిగిస్తున్నాను. ఐరోపా కొండల్లోని మా విస్వాలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఏ వ్యాను గేరు మూలిగినా ముందు నా షెడ్డుకే తోలుకొస్తారు. "రుడీ చెవి పెట్టి విన్నాడంటే చాలు, ఏ పన్ను విరిగిందో చెప్పేస్తాడు" అని నా వెనకాల అనుకుంటారు. నా ఎదురుగా అన్నా నేనేమీ కాదనను. ఆ పేరే కొంప ముంచింది. నా కొంప మునిగి ఉంటే నా ఖర్మ అనుకుని ఊరుకునేవాణ్ణి. మునిగింది ఎర్విన్ కొంప.

ఎర్విన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. కొండమీది హోటళ్ళలో మాసిన దుప్పట్లు మూటలు కట్టి తెచ్చి కింద లాండ్రీలో దించడం, ఉతికినవి మళ్ళీ పైకి చేర్చడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని, అదే దారి. లాండ్రీ యజమానురాలు బండి ఇవ్వదు, బండి ఉన్న మనిషినే పెట్టుకుంటుంది. బండి లేని రోజున ఎర్విన్‌కి పని లేదు. బండి తోలడం తప్ప మరో విద్య అతనికి రాదు.

మూడేళ్ళ కిందట అతని ఎడమ మోకాలు చెడింది. ఆ సంగతి అతని భార్య ఉలాకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళడు. మా దగ్గర డాక్టరు కలం పోలీసు లాఠీ కంటే చెడ్డది, లైసెన్సు మీద ఒక్క ఆంక్ష రాసిందంటే అన్నం పోతుంది. అందుకని మందుల షాపులో దొరికే రకరకాల మలాములు రాసుకుని, పైన ఉన్ని గుడ్డ చుట్టుకుని తోలేవాడు.

ఒకసారి అతని పక్కన కూర్చుని సాల్మోపోల్ కనుమ మీదుగా అవతలి ఊరు ష్చిర్క్ దాకా వెళ్ళాను. ఏమీ తోచక అతను క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతున్నాడో లెక్కపెట్టాను. పోను దారిలోనే రెండు వందల పన్నెండు. నూరు దాటేసరికి అతని మెడ మీద చెమట పట్టింది. ఆఖరి మలుపుల్లో అయితే తొడ కింద చెయ్యి పెట్టి కాలు ఎత్తి పెడల్ మీద పెట్టుకుంటున్నాడు, స్టీరింగు ఒంటిచేత్తో తిప్పుతూ.

"ఏరా, నవ్వొస్తోందా?" అన్నాడు.

"లేదురా. భయమేస్తోంది. నీ కోసం కాదు, నా కోసం. పక్కన కూర్చుంది నేనే కదా."

నవ్వాడు కానీ ఆ నవ్వులో పస లేదు.

ఆ వారమే, ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళ వంటింట్లో కూర్చున్నాం. ఉలా గసగసాల కేకు కోసి పెట్టింది. అప్పుడే షికాగో నుంచి బోలెక్ వీడియోలో దిగాడు. ఉలాకి పినతండ్రి కొడుకు. అక్కడ పార్సిళ్ళ వ్యాను తోలుతాడు. మాటలు మాత్రం విమానం తోలేవాడివి.

"ఏం బావా, ఇంకా కుట్టుమిషను తొక్కుతూనే ఉన్నావా?" అన్నాడు ఎర్విన్‌తో. "ఇక్కడ క్లచ్ అంటే ఏమిటో కుర్రాళ్ళకి తెలీనే తెలీదు. ఎడమకాలు ఇంట్లో మర్చిపోయి వచ్చినా ఎవడూ అడగడు."

నాకు ఒళ్ళు మండింది. "మీ షికాగోలో కొండలేవయ్యా? పళ్ళెంలా ఉంటుంది. ఒక చేత్తో కాఫీ, ఒక చేత్తో స్టీరింగు. ఒకసారి మీ వ్యానుని మా సాల్మోపోల్ ఎక్కి చూపించమను."

"మా వ్యాను వెనకాల పడవ కట్టుకుని మరీ కొండలెక్కుతుంది రుడీగారూ."

"ఎక్కుతుంది. దారిలో ఉన్న పెట్రోలంతా తాగేసి మరీ ఎక్కుతుంది."

"తాగితే తాగింది, మోకాళ్ళు తినదు కదా!"

ఆ మాటకి వంటింట్లో ఎవరూ నవ్వలేదు. బోలెక్‌కి మోకాలి సంగతి తెలియదు. ఏదో మాటవరసకి అన్నాడు, సూటిగా తగిలింది.

ఇంటికి వెళ్ళినా అదే ఆలోచన. మా వైపు పాత వ్యాన్లలో ఆటోమేటిక్ పేరుతో అమ్మేది చాలావరకు అసలు ఆటోమేటిక్ కాదు. మామూలు చేతి గేర్‌బాక్సే, కాలికి బదులు ఒక చిన్న మోటారు క్లచ్ నొక్కుతుంది. ఎత్తు మీద ఆ మోటారుకి ఏ గేరు వెయ్యాలో తోచక, చదవకుండా పరీక్షకి వచ్చిన పిల్లాడిలా దిక్కులు చూస్తుంది. క్లచ్ మాడి కంపు కొడుతుంది. అలాంటివి నా షెడ్డులో ఎన్ని విప్పానో! కొత్తవాటిలో మంచివి లేకపోలేదు, అవి ఎర్విన్‌కి కలలో కూడా అందవు. అమెరికా వాళ్ళది వేరే. ఇంజనుకీ గేర్లకీ మధ్య అరిగిపోయే క్లచ్ పలక ఉండదు, నూనె తిరుగుతూ బలాన్ని అందిస్తుంది. మొండి సరుకు. బరువులు లాగడానికే పుట్టింది. డీజిలు బండితో పోలిస్తే తిండి ఎక్కువే, కానీ గ్యాసు సిలిండరు బిగిస్తే ఆ బాధా సగం తగ్గుతుంది. వారం రోజులు పళ్ళ లెక్కలు, నూనె లెక్కలు, ఎత్తుల లెక్కలు వేశాను. ఎటు తిప్పినా అమెరికా బండే గెలిచింది. ఐరోపా గేర్‌బాక్సుల మీద బతికినవాణ్ణి, ఆ మాట ఒప్పుకోవడానికి నాకే మనసొప్పలేదు. అయినా వెళ్ళి చెప్పాను.

"బోలెక్‌ని మంచి బండి ఒకటి చూడమను. ఓడలో తెప్పిద్దాం."

"ఉన్న బండి అమ్మితే తప్ప కాదు కదరా," అన్నాడు ఎర్విన్.

"అమ్మెయ్."

ఉలా నా వైపే చూస్తోంది. "అన్నయ్యా, మా దగ్గర ఉన్నదంతా ఇదే. నువ్వు గట్టిగా చెప్తున్నావా?"

"గట్టిగానే చెప్తున్నానమ్మా. గేర్‌బాక్సు విషయంలో రుడీ మాట ఎప్పుడైనా తప్పిందా?"

తప్పలేదు. గేర్‌బాక్సు విషయంలో ఇప్పటికీ తప్పలేదు.

పాత వ్యాను అమ్మిన డబ్బుతో సెప్టెంబరులో బండి వచ్చింది, అందాకా ఎర్విన్ అరువు బండ్లతో నెట్టుకొచ్చాడు. తెల్లటి వ్యాను, ముందు పొడుగు ముక్కు, పక్కన జారే తలుపు. వెనక ఇండికేటర్లు ఎర్రగా ఉన్నాయి, మా దగ్గర నారింజ రంగు వెలగాలి. అవి నేనే మార్చాను. గ్యాసు సిలిండరు బిగించాను. గేర్‌బాక్సు అడుగు మూత విప్పి నూనె మార్చి, కింద పడుకుని టార్చి వేసి చూశాను. లోపల ఒక్క గీత లేదు. నాకు ఆ ఇనుము మీద ప్రేమ పుట్టింది.

నా షెడ్డు తాత్కాలిక నంబరు పలకలు తగిలించి ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం సాల్మోపోల్ ఎక్కాం. మొదటి మలుపులో అలవాటు కొద్దీ ఎర్విన్ ఎడమకాలు క్లచ్ కోసం వెళ్ళి బ్రేకుని దబాలున తొక్కింది. నా నుదురు అద్దానికి కొట్టుకుంది.

"ఒరేయ్, ఆ కాలు తాడేసి కట్టేస్తా!"

"ఇరవై రెండేళ్ళ అలవాటురా, ఒక్క పూటలో మానమంటే మానుతుందా?"

రెండో మలుపులో మళ్ళీ తొక్కాడు. మూడో మలుపు నుంచి కాలు వెనక్కి లాక్కుని సీటు కింద పెట్టుకున్నాడు. బండి తనంతట తానే గేరు దించుకుంటూ, పెంచుకుంటూ, ఒక్క కుదుపు లేకుండా ఎక్కేసింది. దిగేటప్పుడు మాత్రం వదిలేస్తే పరుగెత్తుతోంది, గేరు రెండుకి లాగిపెట్టమని చెప్పాను. పైన కనుమ దగ్గర బండి ఆపి దిగాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. కుంటలేదు.

"రుడీ, ఇంకో పదేళ్ళు తోలతానురా," అన్నాడు. మూడేళ్ళలో నేను చూడని మొహం అది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, సిగ్గుపడి గాలి వంక పెట్టాను.

ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి నేనూ వెళ్ళాను, గొప్ప చూపించుకోవడానికి. కిటికీ వెనకున్న అమ్మాయి కాగితాలన్నీ తిరగేసింది, ముద్రలు వేసింది, ఒక చోట ఆగింది.

"ఈ బండి ఎవరు తోలతారండీ?"

"నేనే," అన్నాడు ఎర్విన్.

"లారీ లైసెన్సు ఉందా?"

"లారీ ఎందుకమ్మా? ఇది వ్యాను," అన్నాను నేను. "ఖాళీ బండి రెండున్నర టన్నులు కూడా లేదు."

"ఖాళీ బరువు కాదండీ. సరుకుతో కలిపి ఎంత మొయ్యొచ్చని తయారుచేసినవాళ్ళు రాశారో అది. తొమ్మిది వేల పౌండ్లు. అంటే నాలుగు వేల ఎనభై కిలోలు. మామూలు లైసెన్సుకి మూడున్నర టన్నులే."

ఆ అంకె నేను చూడకపోలేదు. తలుపు పక్కన రేకు మీద ఉంది, పౌండ్లలో. చూసి వదిలేశాను. నలభై ఏళ్ళలో నేను విప్పిన ప్రతి వ్యాను కాగితం మీదా ఒకటే అంకె, మూడు వేల ఐదు వందలు. వ్యాను అంటేనే అంత. మా వైపు మామూలు లైసెన్సుకి సరిపోవాలని తయారుచేసేవాళ్ళు కావాలని ఆ అంకె దగ్గర ఆపుతారు. అమెరికాలో అలాంటి గీత లేదు, ఇనుము ఎంత మొయ్యగలదో అంతా రాసేస్తారు. క్లచ్ చూశాను, నూనె చూశాను, పళ్ళు చూశాను, ఇండికేటరు రంగు కూడా చూశాను. నాకు తెలియనిది ఉంటుందన్న ఊహే నాకు రాలేదు.

బరువు తగ్గించి రాయించుకోవచ్చని ఎవరో చెప్పారు. దానికి తయారీ సంస్థ కాగితం కావాలి. రెండుసార్లు రాశాం. ఆ రకం బండి ఐరోపాలో అమ్మలేదు కాబట్టి ఇవ్వలేమని మూడు వరుసల జవాబు వచ్చింది.

ఇక మిగిలింది లారీ లైసెన్సు. దానికి డాక్టరు పరీక్ష. ఎర్విన్ వద్దన్నాడు.

"మూడేళ్ళుగా ఆ గుమ్మం తొక్కలేదురా. ఇప్పుడు నా అంతట నేను పోయి మోకాలు చూపించనా?"

"దాచిపెడితేనే ప్రమాదం," అన్నాను. "నువ్వు తోలబోయేది ఆటోమేటిక్ కదా. ఎడమకాలితో పనే లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నిజం చెప్పినవాణ్ణి ఎవరేం చేస్తారు?"

నేనే తీసుకెళ్ళాను. బయట బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. ఎర్విన్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, మలాముల పేర్లతో సహా. డాక్టరమ్మ మంచిదే, ఫ్రేము కట్టిన నియమాల కాగితంలా మంచిది. మోకాలు వంచి చూసింది. ఎక్స్‌రే తీయించింది. ఇలాంటి కాలితో లారీ లైసెన్సు కుదరదంది. పైగా ఇంత చెడిన కాలితో ఇన్నాళ్ళూ క్లచ్ తొక్కడం నేరమంటూ, ఉన్న లైసెన్సు మీద కూడా ఆటోమేటిక్ మాత్రమే తోలాలని రాయించింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పొద్దున ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు, ఎవరి పాత వ్యాను అయినా అరువు తెచ్చుకుని తోలే హక్కు అతనికి ఉంది. బయటికి వచ్చేసరికి అదీ లేదు. క్లచ్ ఉన్న బండి తోలకూడదు, క్లచ్ లేని తన బండి తోలడానికి లైసెన్సు లేదు, మరొకటి కొనడానికి డబ్బు లేదు.

లాండ్రీ యజమానురాలు రెండు వారాలు ఆగింది. మంచు సీజను ముందు హోటళ్ళు ఆగవు. కింది ఊరి నుంచి ఒకణ్ణి పెట్టుకుంది. బండి అమ్మకానికి పెట్టాం. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ చుట్టూ తిరిగి, కాగితంలో లారీ బరువు చదివి, తలూపి వెళ్ళిపోయారు. ఉలా ఒక హోటల్లో గిన్నెలు తోమే పనికి చేరింది. దారిలో నేను కనబడితే పలకరిస్తుంది, అన్నయ్యా అనడం మానేసింది.

నేను వాళ్ళింటికి వెళ్ళడం మానేశాను. వెళ్ళి ఏం చెప్పను? ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఎర్విన్ తానే నా షెడ్డుకి నడిచి వచ్చాడు. కర్ర పట్టుకున్నాడు. తాళాలూ కాగితాల సంచీ బల్ల మీద పెట్టాడు.

"ఎవరైనా విడిభాగాలకి అడిగితే ఇచ్చెయ్‌రా. గేర్‌బాక్సు మాత్రం పారెయ్యకు. మంచిది."

ఆ చివరి మాట నేను తట్టుకోలేకపోయాను. "తిట్టరా," అన్నాను. "నీ కాళ్ళు పట్టుకుంటా, నన్ను తిట్టు. బండి తెమ్మన్నది నేను. డాక్టరు దగ్గరికి తోసింది నేను. ఊరంతా అనుకుంటోంది, నువ్వొక్కడివే అనడం లేదు."

అతను స్టవ్ దగ్గర చేతులు కాచుకున్నాడు.

"ఏమని తిట్టనురా?" అన్నాడు చివరికి. "అమెరికా బండి మంచిదని బోలెక్ ఎప్పటినుంచో చెప్పాడు, నవ్వి వదిలేశాను. ఉన్న బండి అమ్మొద్దని ఇంట్లో ఉలా అంది, వినలేదు. మా సొంత అన్న కూడా వద్దన్నాడు, పోరా అన్నాను. నా జన్మలో ఇంకో మాట అడక్కుండా నమ్మింది నిన్నొక్కణ్ణే."

అని కర్ర తీసుకుని, తలుపు తోసుకుని, కొండ దారి ఎక్కడం మొదలుపెట్టాడు. ఇంటికి దింపుతాను ఆగమని పిలిచాను. వినబడనట్టే వెళ్ళిపోయాడు.