పియానో పోయాక మిగిలిన స్టూలు

పై వాటా సంగీతం మేష్టారికి మతి చలించిందట. పియానో పోయాక వంటబల్ల మీద వేళ్ళు ఆడిస్తూ, పెళ్ళాన్ని పక్కన నిలబెట్టుకుని రాగాలు తీస్తున్నాడట. కింది వాటా బొజెనా పాలబండి దగ్గర ఇలా చెప్పిందని, బొగ్గులవాడు బస్తా దింపుతూ మా ఇంట్లోనే చెప్పాడు. మా సంగతి అందరికన్నా ఆలస్యంగా తెలిసింది మాకే.

నేను ఒక పియానో స్టూలుని. ప్రాగ్ నగరంలో ఒక వడ్రంగి నన్ను చేసి, నడుములో మర బిగించాడు. ఒకవైపు తిప్పితే లేస్తాను, రెండోవైపు తిప్పితే కుంగుతాను. మనుషుల గురించి నాకు తెలిసిందంతా కింది నుంచి తెలిసిందే కనక పెద్దగా భ్రమలు లేవు. మొదట ఒక జడ్జిగారమ్మాయి నా మీద గిర్రున తిరుగుతూ సంగీతం తప్ప అన్నీ నేర్చుకుంది. ఆమె పెళ్ళయి వెళ్ళాక లియో పొలాచెక్ నన్ను కొన్నాడు. పాటలు కట్టేవాడు. పొట్టి మనిషి. నన్ను పైదాకా తిప్పుకున్నాడు, మళ్ళీ దించలేదు.

తరవాత జర్మన్లు ఊళ్ళోకి వచ్చారు. యూదులు పార్కు బెంచీల మీద కూర్చోకూడదన్నారు. లియో యూదుడే. ఇంట్లో కూర్చున్నాడు; నాకు పని పెరిగింది. ఆపైన యూదుల ఇళ్ళలో వాద్యాలు ఉండకూడదని హుకుం. పియానోని మెట్ల మీదుగా మోసుకుపోయారు. అధికారి నన్ను తిరగేసి చూసి, ఇది వాద్యం కాదని వదిలేశాడు. తెలివైనవాడే.

అప్పుడు మొదలుపెట్టిన పాట రెండు గొంతులది. పై గొంతు లియోది, కింది గొంతు ఆయన భార్య హెర్మినాది. కలిసి పాడితే ఆవిడ ఆయన వరసలోకి జారిపోయేది.

"చెవులు రెండూ మూసుకోవే. లేకపోతే గొర్రెలా నా వెనకే వస్తావు."

"పెళ్ళయినప్పట్నుంచీ చేస్తున్నదదేగా," అంటూ ఆవిడ వేళ్ళతో చెవులు మూసుకునేది. అంత శ్రద్ధగా మూసుకునేది కాబట్టి ఆయన వరస ఆవిడ చెవిన పూర్తిగా పడనే లేదు.

బొజెనా మాట పాలబండి దగ్గర ఆగలేదు. హుకుం దాటి సంగీతం వినబడుతోందని పోలీసులకు చేరింది. వాళ్ళొచ్చి ఇల్లంతా గాలిస్తే నేను దొరికాను. అయినా దంపతులిద్దరి పేర్లూ, యూదుల్ని నిర్బంధ శిబిరాలకు తోలే రైళ్ళలో ముందు కదిలేదాని జాబితాకే ఎక్కాయి. వెళ్ళేచోట పాడేవాళ్ళు దొరక్కపోరని లియో ఆ పాట కాగితాలన్నీ పెట్టెలో సర్దుకున్నాడు. పెట్టె తిరిగి రాలేదు. ఆయనా రాలేదు.

వాళ్ళ ఇంటికి పోలీసులు వేసిన సీలు తీసిన రోజే బొజెనా నన్ను తన వంటింట్లోకి తెచ్చుకుంది. పొడుగు మనిషి. నన్ను కిందికి తిప్పి, కూర్చుని బంగాళాదుంపలు ఒలిచేది. ఒలుస్తూ కూనిరాగం తీసేది. అది లియో వరస. ఎక్కడా తప్పేది కాదు. ఆవిణ్ణి చెవులు మూసుకోమని ఎవరూ అనలేదు మరి.

యుద్ధం ముగిసిన వేసవిలో హెర్మినా ఒక్కతే వచ్చింది. జుట్టు మగపిల్లాడి జుట్టులా ఉంది. బొజెనా పాడుకుంటూంటే గుమ్మంలో నిలబడి, సన్నగా కింది గొంతు కలిపింది. బొజెనా ఉలిక్కిపడి లేచింది.

"మీరా అమ్మా... వచ్చేశారా. ఈ స్టూలు పాడైపోతుందని తెచ్చి ఉంచానంతే. తీసికెళ్ళండి."

"ఆ పాట ఎక్కడిదండీ?"

"ఏ పాట? ఏదో పాతది. మా అమ్మ పాడేది."

"మా ఆయన కట్టింది. నాకు కింది గొంతే వచ్చు. పైది నేను సరిగ్గా విననే లేదు."

"పైన మీరేం పాడుకున్నారో మాకేం తెలుసమ్మా. గోడలు మందం. మాకేమీ వినబడేది కాదు, ఎవరడిగినా అదే చెబుతాను."

విన్నానంటే పోలీసుల దాకా వెళ్ళిన మాట కూడా ఒప్పుకోవాలి. లియో వరస ఇప్పుడు లోకంలో ఒక్క గొంతులోనే ఉంది. ఆ గొంతేమో లేదంటోంది. బొజెనా నన్ను కాలితో గుమ్మం వైపు నెట్టింది.

"మీ వస్తువు మీరు తీసికెళ్ళండమ్మా. నాకొద్దు."

హెర్మినా నన్ను వెనక్కి జరిపి, బొజెనా ముందు వేసింది.

"స్టూలు మీరే ఉంచుకోండి. కూర్చుని ఆ పాట మొదటినుంచీ పాడండి."