మూగనోము పట్టిన చిప్

ల్యాబుకు వచ్చిన దగ్గర్నుంచీ చిప్ మూగనోము పట్టింది. బోర్డుకు కరెంటు ఇచ్చినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ప్రాణముంటే మిణుకుమిణుకుమనాల్సిన ఎల్‌ఈడీ వెలగనే లేదు.

దాన్ని డిజైన్ చేసిన వదినకు పై ప్రాణాలు పైనే పోయాయి. చిప్ పనిచేయకపోతే మళ్లీ చేయించేది లేదని, ప్రాజెక్టు మూసేస్తామని మేనేజరు ముందే చెప్పేశాడు. రెండేళ్ల చాకిరీ నీళ్లపాలే.

బోర్డు గీసింది ఆమె ఆడపడుచు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ల్యాబు. "నీ బోర్డులోనే ఏదో ఉంది," అని వదిన రోజూ సణుగుతూనే ఉంది. ఆడపడుచు ఎదురు చెప్పకుండా, మీటరు మొన ఒక్కో పిన్నుకూ ఆనించి మళ్లీ మొదటి నుంచీ చూస్తోంది. ఈసారి పైకే చదువుతోంది.

"రీసెట్ పిన్ను సున్నా. నువ్వు చెప్పినట్టే."

"సున్నా అయితే చిప్ ఆగిపోతుంది కదే. అక్కడ ఒకటి ఉండాలి, కరెంటు అందాలి."

"సున్నా ఉంటేనే నడుస్తుందన్నావుగా వదినా. అందుకే గ్రౌండుకి కలిపాను."

వదినకు అప్పుడు గుర్తొచ్చింది. అలా అన్న మాట నిజమే. చివర్లో తానే డిజైన్ మార్చి, ఒకటి ఉంటేనే నడిచేలా తిరగేసింది. ఆ రోజు భోజనాల దగ్గర చెప్పబోతే అత్తగారు గరిటె పైకెత్తారు. ఆఫీసు మాటలు కంచం దాకా తెస్తే వడ్డన ఆగుతుందన్నది ఆ ఇంటి చట్టం. మాట ముద్దతో పాటే లోపలికి పోయింది. మర్నాడు గుర్తే రాలేదు.

"తప్పు నాదేనే. మార్చి నీకు చెప్పలేదు. అత్తయ్య గరిటె ఎత్తారు."

"మా అమ్మకి భయపడి నోరు మూసుకున్నావా? నువ్వా?" ఆడపడుచు కిసుక్కున నవ్వి సోల్డరింగ్ ఐరన్ అందుకుంది. "నా బోర్డుని తిట్టిన తిట్లన్నీ ముందు వెనక్కి తీసుకో."

"తీసుకున్నాను తల్లీ. కానియ్."

ఆడపడుచు ఆ పిన్ను దగ్గరి ఆవగింజంత రెసిస్టర్‌ను గ్రౌండు వైపు నుంచి ఊడదీసి, కరెంటు వైపు అతికించింది. స్విచ్ వేసింది. ఎల్‌ఈడీ వెలిగి ఆరింది. మళ్లీ వెలిగింది. వదిన కుర్చీలో కూలబడింది. గుండెల మీది బరువు దిగిపోయింది కానీ, హమ్మయ్య అనడానికి కూడా ఓపిక మిగల్లేదు. కళ్లు చెమ్మగిల్లాయి.

ఇంటికెళ్లాక ఇద్దరూ బుద్ధిమంతుల్లా కంచాల ముందు కూర్చున్నారు. అత్తగారు గరిటె పట్టుకుని నిలబడ్డారే కానీ వడ్డించలేదు. కోడలు కొన్నాళ్లుగా ముద్ద దిగక కెలుకుతూ కూర్చోవడం ఆవిడ చూస్తూనే ఉన్నారు.

"ఇంతకీ ఆ చిప్పు బతికిందా, లేదా?" అన్నారు. "చెప్పేదాకా వడ్డన లేదు."